కంబం చుట్టూ అలికిన నేల

గడ్డకు 46 రోజులు

మధ్యాహ్నం నీడ ఇరవై నాలుగు జానల నాలుగు వేళ్ళు.

కంబం పుస్తకంలో రోజుకొక అంకె తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. మా అమ్మ ఆ నియమం తప్పలేదు. ఆవిడ పేజీలు తిరగేస్తే చీమలు బారులు తీరినట్టు అంకెలే ఉంటాయి. నేనూ ఇరవై రెండేళ్ళు నోరు కట్టేసుకుని అంకెలే రాశాను. ఇక నావల్ల కాదు. ఇంకో నలభై ఆరు రోజులకి మూడువందల పన్నెండు మందిమీ సొరంగంలోకి దిగి తలుపు మూసుకుంటాం. ఆ తర్వాత మూడేళ్ళ దాకా కొలవడానికి నీడే ఉండదు. ఈలోగా నా మాటలు నాలుగు పడితే పుస్తకం అరిగిపోదు.

నా పేరు దమయంతి. జంటగుట్ట ఊరికి కంబం మనిషిని. పదహారు జానల ఇనప కంబం మా అమ్మమ్మ దగ్గరుండి నాటించింది. దానికి సరిగ్గా రెండింతల దూరంలో, అంటే ముప్ఫై రెండు జానల మీద, గడ్డరాయి పాతించింది. పెద్దాయన, అంటే మా పెద్ద సూర్యుడు, నడినెత్తి దాటే వేళకి కంబం నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి రాయడం నా పని. నీడ గడ్డరాయిని తాకిన రోజే గడ్డ, ఆ రోజు తలుపు మూయాలి. అప్పటినుంచి పదో రోజుకి ఊపిరిని కూడా గడ్డకట్టించే పాలమంచు దిగుతుంది. తలుపు మీద మెత్తిన మట్టి ఆరడానికి తొమ్మిది రోజులు పడుతుంది. ఒక్క రోజే వెసులుబాటు.

పెద్దాయన ఇప్పటికే పసుపు తగ్గి పాలిపోయాడు. రోజూ కాస్త కిందికి దిగి, కాస్త దూరం జరుగుతున్నాడు. వెనకాలే పిల్ల, మా రెండో సూర్యుడు, తల్లి కొంగు వదలని దానిలా, తెల్లటి చుక్కై వెళ్తోంది. మాకు మిగిలేది కుంపటి ఒక్కటే. పేరుకి దగ్గర సూర్యుడు, సగం ఆకాశం ఎర్రగా ఆక్రమిస్తాడు, వేడి మాత్రం ఆరిపోయే నిప్పుల పాటి. ఇరవై రెండేళ్ళు మాతో ఉండి పెద్దాయన ఇలా అలిగి వెళ్ళడం, మూడేళ్ళకి ఏమీ ఎరగనట్టు తిరిగి రావడం మామూలే.

ఈరోజు కంబం చుట్టూ నేల అలికాను. నడుం పట్టేసింది.

గడ్డకు 44 రోజులు

ఇరవై నాలుగు జానల ఎనిమిది వేళ్ళు.

నా కూతురు వరాలు నాచు కోసుకొచ్చే నాచుకయ్యకి బయల్దేరింది. తోడు బండి నడిపే సింహాద్రి, అతని పెళ్ళాం పైడితల్లి. మూడేళ్ళ తిండికి నాచుకట్టలు ఇంకా పాతిక దాకా తక్కువ పడుతున్నాయి. ఎండబండి పెద్దాయన వెలుగుతోనే నడవాలి, ఆయన రోజురోజుకీ నీరసిస్తున్నాడు. అందుకని పోనూ రానూ ముప్ఫై ఎనిమిది రోజులని లెక్క కట్టాం. వచ్చాక ఇంకా ఆరు రోజులు మిగులుతాయి.

వెళ్ళే ముందు మళ్ళీ గొడవ. వరాలికి ఇరవై ఒక్క ఏళ్ళు. మూడు నీడలు పడే వేళ పుట్టింది, అలాంటివాళ్ళు మొండివాళ్ళని ఊళ్ళో అంటారు, దాని విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఒక జానెడు కర్ర చెక్కుకుని, గుమ్మం ముందు రాయి మీద నిలబెట్టి, దాని నీడ తను విడిగా కొలుస్తూ వచ్చింది ఈ ఏడాదంతా.

"అమ్మా, నీ కంబానికీ నా కర్రకీ లెక్క కుదర్డంలేదే. గడ్డ నువ్వనుకున్నంత దూరంలో లేదు."

"జానెడు కర్ర పెట్టుకుని పదహారు జానల కంబానికి వంకలు పెడతావా? అది మీ ముత్తమ్మమ్మ నాటించింది."

"ముత్తమ్మమ్మ నాటిస్తే నీడకేం భయమా?"

నాకు తిక్క రేగింది. నోటికొచ్చినవన్నీ అన్నాను. చెప్పిన మాట వినే పిల్లవి ఎప్పుడైనా అయ్యావా అన్నాను.  అది నవ్వి, ఆ కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సరేలే, నీ లెక్కే. ముప్ఫై ఎనిమిదో రోజుకి నీ ముందుంటా. ఈసారి నీ మాట వింటా, సరేనా? వెళ్ళేటప్పుడు ఆ మూతి పెట్టకు."

బండి గుట్ట మలుపు తిరిగేదాకా చూశాను. గుట్ట దాటితే మాటపెట్టెలో మాట అందదు. కర్ర తీసుకెళ్ళి సున్నం కుండ పక్కన పడేశాను.

గడ్డకు 39 రోజులు

ఇరవై అయిదు జానల ఆరు వేళ్ళు.

పొద్దున్న మేకల దొడ్డి కడిగాను. తర్వాత పిల్లలకి తలుపు పాఠం చెప్పాను. ప్రతి గడ్డకీ ముందు కంబం మనిషే ఈ పాఠం చెప్పాలి. మూసిన తలుపు లోపలివాళ్ళు తియ్యకూడదు, బయటివాళ్ళు కొట్టకూడదు. పచ్చి మట్టి మీద చిన్న దెబ్బ పడినా బీట తీస్తుంది, బీటలోంచి చలి వస్తుంది, చలి వస్తే అందరూ పోతారు. పిల్లలు పాటలా వల్లించారు. ఒక గడుగ్గాయి లేచి, "మా అమ్మ బయటుండిపోతేనో?" అంది. ఉండిపోదులే, నీడ చూసి ముందే చెప్తాంగా అన్నాను.

పోయిన గడ్డకి ఏం జరిగిందో వాళ్ళకి చెప్పలేదు. అప్పుడు తలుపు మట్టి పదకొండో రోజున కింద నుంచి ఊడిపోయింది. ముందు గదుల్లో పడుకున్న ఎనభై ఒక్క మంది లేవలేదు. మా అమ్మ మట్టి పలచగా కలిపిందన్నారు. అప్పటినుంచి ఆవిడ తిండి తగ్గించేసింది, పెద్దాయన తిరిగొచ్చిన రెండు నెలలకి పోయింది.

అమ్మ నెలకోసారి కంబం నేల అలికేది. నీడ గరుకు నేల మీద పడితే అంచు చెదిరిపోతుంది, నున్నటి నేల మీద గీత గీసినట్టుంటుంది. నేను నెలకోసారితో ఊరుకోలేదు. వారం వారం అలికాను, అదీ మందంగా, మా చేతి పనిని మళ్ళీ ఎవరూ వేలెత్తి చూపకూడదని. ఇరవై రెండేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. ఊళ్ళో నా నేల అద్దంలా ఉంటుందంటారు. ఉంటుంది మరి.

గడ్డకు 33 రోజులు

ఇరవై ఆరు జానల ఆరు వేళ్ళు.

అప్పలస్వామి బావ వచ్చి కంబం దగ్గర కూచున్నాడు. మా అక్క మొగుడు, ఊరికి తలుపుపెద్ద. అక్క పోయి ఆరేళ్ళయినా రోజూ ఇటు వస్తాడు. వరాలంటే ఆయనకి ప్రాణం, దాన్ని నేను తిట్టినప్పుడల్లా నన్ను తిడతాడు.

"ఏటి దమయంతీ, ఈ యేడు సలి ముందే తగుల్తంది. మేకలు పాలు తగ్గించేసినాయి."

"వయసు మీద పడితే అలాగే ఉంటుంది బావా. నీడ మాత్రం సరిగ్గానే ఉంది."

"నీడ సరిగుంటే సరేలే. వరాలు గుంట ఈపాటికి నాచుకయ్య కాడికి సేరతాదేటి?"

ఇంకా ఎనిమిది రోజులన్నాను. తల ఊపి వెళ్ళాడు. ఆయన అన్నాక నాకూ చలి తెలిసింది, కానీ పుస్తకంలో రాసేది నీడ లెక్కే.

గడ్డకు 27 రోజులు

ఇరవై ఏడు జానల ఆరు వేళ్ళు.

ఈ పేజీ చెయ్యి కడుక్కోకుండా రాస్తున్నాను, మరకలకి ఏమీ అనుకోవద్దు.

సున్నం కలపడానికి కర్ర కోసం వెతికితే వరాలి జానెడు కర్ర చేతికొచ్చింది. దాని మీద ఒక పక్కంతా గీతలు, ప్రతి గీత పక్కనా రోజు. ఎంత పట్టుదలో చూడమని నాలో నేనే విసుక్కున్నాను. ఎలాగూ మధ్యాహ్నమైంది, దాని లెక్క తప్పని ఇవ్వాళ తేల్చేసి, రాగానే ముఖాన కొడదామని గుమ్మం ముందు రాయి మీద నిలబెట్టాను.

కర్ర పన్నెండు వేళ్ళు. గడ్డరాయి కంబానికి రెండింతల దూరంలో ఉంది గనక, పన్నెండు వేళ్ళ కర్ర నీడ ఇరవై నాలుగు వేళ్ళయిన రోజే గడ్డ. చిన్నపిల్లలు కూడా చెప్పగల లెక్క. ఈరోజు కర్ర నీడ ఇరవై రెండు వేళ్ళ ముప్పావు వచ్చింది. కంబం ప్రకారమైతే ఇరవై ఒకటి కూడా ఉండకూడదు. మూడుసార్లు కొలిచాను, రాయి మార్చి కొలిచాను, అంతే వచ్చింది. వరాలి గీతలు చూస్తే ఆ నీడ వారానికొక వేలు చొప్పున పెరుగుతోంది. మిగిలింది వేలుంపావు.

కర్ర తప్పు చెప్పడానికి అందులో ఏమీ లేదు. రాయి మీద నిలబెట్టిన కర్ర అది. తప్పు ఉంటే కంబంలో ఉండాలి. గునపం తీసుకుని కంబం మొదట్లో తవ్వాను. ఇరవై రెండేళ్ళుగా నేను గీత పడనివ్వని నేలని నా చేత్తోనే పొడిచాను. మడతకాజా విరిచినట్టు పొరలు పొరలుగా లేచింది. పైన నావి, మందంగా. కింద అమ్మవి, పలచగా. ఇంకా కింద అమ్మమ్మవి. అన్నిటికీ అడుగున కంబం నాటినప్పటి రాతిచప్టా. జానన్నర లోతు.

పదహారు జానల కంబంలో జానన్నర మా చేతులే పూడ్చేశాయి, అందులో ఎక్కువ నావి. పొట్టి కంబానికి పొట్టి నీడే పడుతుంది. నేల ఎంత అద్దంలా అలికితే గడ్డ అంత దూరం ఉన్నట్టు అబద్ధం చెప్పింది.

మా అమ్మ మట్టి పలచగా కలపలేదు. తలుపు మూయడమే ఆలస్యమైంది. ఆ సంగతి ఆవిడకీ తెలియలేదు.

గడ్డకు 9 రోజులు

ఇదీ ఈరోజే. పై అంకె కంబంది, ఈ అంకె వరాలిది. ఇకనుంచి దీన్నే రాస్తాను.

వరాలు వెళ్ళి పదిహేడు రోజులు. ఎల్లుండికి గాని నాచుకయ్య చేరదు. అక్కణ్ణుంచి తిరిగి రావడానికి ఇంకో పందొమ్మిది. తలుపు తొమ్మిది రోజుల్లో మూయాలి.

ఈ మాట బావకి చెప్పానంటే తలుపు మూసేస్తారు, నా కూతురు బయట ఉండిపోతుంది. చెప్పలేదంటే కంబం లెక్కన ఇరవై ఏడు రోజులు ఆగుతారు, వరాలు వచ్చేస్తుంది, మట్టి పచ్చిగా ఉండగానే పాలమంచు దిగుతుంది, దానితో సహా అందరం పోతాం. ఇందులో లెక్క చెయ్యడానికేమీ లేదు. అయినా సాయంత్రం దాకా కూచుని లెక్క చేశాను. బావ వచ్చి ఇదేంటి నేలంతా తవ్వావని అడిగితే, చెద పట్టిందన్నాను. మట్టికి చెదేమిటని ఆయన అడగలేదు. నేను అబద్ధం చెప్తానని ఆయనకి తోచదు.

ఈరోజు ఎవరికీ చెప్పలేదు.

గడ్డకు 8 రోజులు

చెప్పాను.

బావని పిలిచి, కర్ర చూపించి, గొయ్యి చూపించి, నిన్నే తెలిసిందని కూడా చెప్పాను. ఆయన గొయ్యి గట్టున కూచుని పొరలు వేలితో లెక్కపెట్టాడు. చాలాసేపు లెక్కపెట్టాడు.

"మరి వరాలో?" అన్నాడు చివరికి.

"నేను వెళ్తాను బావా. ఎదురెళ్ళి తీసుకొస్తా."

"నడిసెల్తే ఎన్నాళ్ళు? నువ్వు సగం దారికి సేరేతలికి ఇక్కడ తలుపు మూసీయాల. ఆ మట్టి నువ్వు గాక ఎవుళు మెత్తుతారు? మీ యమ్మ నేర్పింది నీకు, నువ్వు నేర్పింది ఆ గుంటకి. ఇద్దరూ బయటుంటే ఈ జనం గతేటి?"

నేను ఏడ్చాను. ఆయన లేచి వెళ్ళి ఊరందరినీ పిలిచి చెప్పాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేది.

తలుపు మట్టి ఎనిమిది రోజులు నానాలి. మట్టంతా తడపడానికి రెండు రోజులు పడుతుంది, రేపు తడిపేది ఏడే నానుతుంది. నిన్న చెప్పి ఉంటే సరిపోయేది.

గడ్డకు 6 రోజులు

గుట్ట మీద పచ్చి నాచు తగలేశాం. నల్లటి పొగ తాడులా పైకి లేచింది. పొగ కనబడితే ఉన్నపళంగా వెనక్కి రావాలని కట్టుబాటు. నాచుకయ్య దాకా కనబడుతుందో లేదో, గాలి లేకపోతే కనబడుతుందని పెద్దవాళ్ళు అంటున్నారు. వాళ్ళు కట్టలు అక్కడే పారేసి తేలిక బండితో వస్తే పది పన్నెండు రోజుల్లో రాగలరని ఒక లెక్క. అదైనా అందదు.

మిగతా పొద్దంతా మట్టి తొక్కాం. పిల్లలు కూడా పాట పాడుతూ తొక్కారు. నేను కాళ్ళు మట్టిలో పెట్టుకుని గుట్ట మలుపు వైపే చూశాను.

నాకు ఒక్కటే ఆశ. వరాలు నా మాట వినకుండా ఉండాలి. పైకి సరేనని, లోపల తన లెక్కే నమ్మి, సగం దారిలోనే వెనక్కి తిరిగి ఉండాలి. చిన్నప్పటినుంచీ అది చేసిందే అది. దొడ్డి తలుపు వెయ్యమంటే తీసేది, కుడిచేత్తో అలకమంటే ఎడంచేత్తో అలికేది. ఎంత కొట్టినా ఎడంచెయ్యి మానలేదు. చిన్నప్పుడు విరిగి వంకర తిరిగిన చిటికెన వేలు మిగతావాటితో కలవక, దాని అలుకులో ఆ గీత ఒక్కటి విడిగా పక్కకి పోతుంది. దాని చేతిపని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఇప్పుడు కూర్చుని కోరుకుంటున్నాను, ఈ ఒక్కసారి కూడా నా మాట వినకే తల్లీ అని.

గడ్డకు 2 రోజులు

మేకల్ని లోపలికి తోలాం. వెనక్కి వస్తున్న బండి ఏదీ కనబడలేదు.

గడ్డరోజు

కర్ర నీడ ఇరవై నాలుగు వేళ్ళు.

పెద్దాయన గుట్ట మీదికి ఒరిగేదాకా ఆగమని అడిగాను, బావ ఆగాడు. తర్వాత తలుపు వేశాం. బయటి పూత నేనే వేసి, కింది సందులోంచి లోపలికి పాకి, ఆ సందు లోపలనుంచి మూశాను. ఈ పని చేయడం మా ఇంట్లో మూడో తరం. పూత ఎప్పటిలా నున్నగా వచ్చింది, ఆ సంగతి తల్చుకుంటే నామీద నాకే అసహ్యంగా ఉంది.

కుడివైపు కింది మూలకి వచ్చేసరికి బాగా నానిన మట్టి అయిపోయింది. ఆఖరున కలిపిన ముద్ద వాడాను.

మూసిన 8వ రోజు

కుడి కింది మూల బీట వారింది. నానని మట్టి అంతే చేస్తుంది. సన్నటి ఈలలాగా గాలి వస్తోంది. లోపలినుంచి మెత్తాను గాని పట్టు దొరకలేదు, బయటి పూత విడిపోతే లోపలి పూత నిలవదు. ముందు గదులు ఖాళీ చేయించాం. ఎల్లుండికి పాలమంచు.

నేను మింగేసిన ఆ ఒక్క రోజే ఈ బీట. బావకి చెప్పాను. తెలుసన్నాడు.

మూసిన 9వ రోజు

బావ పొద్దున్నుంచీ తలుపు దగ్గరే ఉన్నాడు. నన్ను మాత్రం ఉండనివ్వలేదు. లోపలి గదుల్లో మేకలు పాలివ్వడంలేదు, పోయి చూడమన్నాడు. మేకలు బాగానే ఉన్నాయి. తిరిగొస్తే ఇంకో పని చెప్పాడు. ముసలాయనకి చాదస్తం పెరిగింది.

సాయంత్రానికి గాలి ఈల ఆగిపోయింది. మూల దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా కూడా అనిపించింది. మట్టి తనంతట తనే సర్దుకుందన్నాడు బావ. మట్టి అలా సర్దుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా సంతోషపడ్డాను.

మూసిన 11వ రోజు

పాలమంచు నిన్న దిగింది. తలుపు నిలిచింది. మూడువందల తొమ్మిది మందిమి. ఊపిరి ఆడుతున్నవాళ్ళందరూ నా చేతులు కళ్ళకద్దుకుంటున్నారు. పోయి ఎక్కడన్నా దాక్కోవాలనిపిస్తోంది.

మూసిన 40వ రోజు

రాయడానికి నీడ లేదు. వరాలు ఎక్కడో ఒక గుహ చూసుకుని ఉంటుందని పిల్లలు నాకు ధైర్యం చెబుతున్నారు. సింహాద్రికి దారులు తెలుసు, పైడితల్లి ధైర్యవంతురాలు, బండినిండా నాచు ఉంది. వింటున్నాను. తల ఊపుతున్నాను.

మూసిన 1,064వ రోజు

పెద్దాయన వచ్చాడు. తలుపు తీశాం.

మొదట బయటికి పాకింది నేనే, అది కంబం మనిషి వంతు. వెలుగుకి కళ్ళు చాలాసేపు కనబడలేదు. కనబడ్డాక ముందు చూసింది తలుపు పక్కన పేర్చిన నాచుకట్టలు. పదకొండు. ఒకదాని మీద ఒకటి, గాలికి పడకుండా తాళ్ళు బిగించి ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

వాటి పక్కనే బూడిద. బూడిదలో బండి చక్రాల ఇనప పట్టాలు, ఇరుసు, మేకులు. బండిని తలుపు మూల దగ్గరికి నెట్టి అక్కడే తగలబెట్టారు. పచ్చి మట్టి ఆరడానికి.

మూల చూశాను. బీట వారిన చోట జానెడు మేర కొత్త పూత, సెగకి ఇటుకలా కాలి ఉంది. వేళ్ళ చారలు ఎడంనుంచి కుడికి వంపు తిరిగి ఉన్నాయి. నాలుగు చారలు కలిసి వచ్చాయి, అయిదోది విడిగా పక్కకి పోయింది.

పూత మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడ్డాను. అందరూ నా వెనక బయటికొచ్చి నిలబడ్డారు. బావ నా పక్కన కూచున్నాడు.

"నాను ఇన్నాను దమయంతీ. ఆ రోజు. రుద్దుతున్న సప్పుడు ఇనిపించింది. ఒకసారి దగ్గు కూడా. నీకు సెప్పుంటే తలుపు బద్దలుకొట్టీసుందువు."

"కొట్టేసేదాన్ని బావా."

"అందుకే సెప్పలేదు. మూడేళ్ళూ నా గుండెల్లోనే ఎట్టుకున్నాను."

ఆయన్ని తిట్టలేకపోయాను. ఆయన ఒక సాయంత్రం కాదు, వెయ్యి రోజులు మోశాడు. నేను ఒక్కరోజు దాచినందుకే ఈ బీట.

మధ్యాహ్నానికి మనుషులు వెతికొచ్చారు. గుట్ట వెనక పాత మేకలదొడ్డిలో ముగ్గురూ దొరికారు, ఒకే దుప్పటి కింద. తలుపుకి అంత దూరం ఎందుకు వెళ్ళారో నన్నెవరూ అడగలేదు. దగ్గర్లో ఉంటే మూలుగు లోపలికి వినబడుతుంది, వినబడితే ఎవరైనా తలుపు తీస్తారు.

పుట్టిన దగ్గర్నుంచీ నేను చెప్పిన ఒక్క మాటా విని ఎరగని పిల్ల. నా లెక్క నమ్మి అంతదూరం వెళ్ళింది. పొగ చూసి వెనక్కి తిరిగింది. మూసిన తలుపు కొట్టకూడదని అయిదేళ్ళప్పుడు నేనే పాటలా వల్లింపజేశాను, అదీ విన్నది.

తెరిచిన 6వ రోజు

కంబం చుట్టూ ఉన్న నేలంతా రాతిచప్టా దాకా తవ్వించాను. చివరి పొర నేనే గీకాను. ఇకమీదట ఈ నేల ఎవరూ అలకకూడదు. గరుకుగానే ఉండాలి, నీడ అంచు చెదిరితే చెదరనీ. నియమాలున్న మొదటి పేజీలో ఈ మాట కూడా రాశాను.

తలుపు మట్టి మామూలుగా పగలగొట్టి మళ్ళీ తొక్కి వాడతాం. ఆ మూల మాత్రం ముట్టుకోనివ్వలేదు. బావ రంపం తెచ్చి ఆ ముక్క కోసి, కంబం మొదట్లో నిలబెట్టాడు.

ఈరోజు మధ్యాహ్నం కర్ర నీడ ఇరవై రెండు వేళ్ళు. వరాలి కర్రతో కొలిచాను.